చేపల పెట్టెలో మూడు పెడళ్ళు

ఆ రోజుల్లో ఒక వస్తువు ఎలా ఉంటుందో తెలియకపోయినా దాన్ని తయారు చేయడానికి ఎవరూ వెనకాడేవాళ్ళు కాదు. ఇప్పుడైతే ఫోను మీద వేలు ఆనిస్తే చాలు, ఏ వస్తువునైనా నాలుగు వైపులా తిప్పి చూపిస్తారు, ఎలా చేసుకోవాలో ఎవరో ఒకాయన ఓపిగ్గా చెప్పి మరీ పెడతాడు. తొంభైల చివర్లో మాకు ఆ భాగ్యం లేదు. నేను గుడివాడలో డిగ్రీ పరీక్షలు రెండోసారి రాస్తూ (మొదటిసారి రాసినవాటి సంగతి ఇక్కడ అప్రస్తుతం), పెళ్ళిళ్ళకు వాయించే ఒక ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తూ ఉండేవాణ్ణి. పెడల్‌బోర్డు అనే వస్తువును జీవితంలో ఒక్కసారి, అదీ ఫొటోలో, అదీ ఒక్క వైపు నుంచే చూసి, మూడు ఊళ్ళు తిరిగి తయారు చేయించాను. తయారయ్యాక దాన్ని చూసిన ప్రతివాళ్ళూ అదేమిటో ఠక్కున చెప్పేశారు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పడంతోనే వచ్చింది చిక్కంతా.

ముందు పెడల్ అంటే ఏమిటో చెప్పాలి. ఆ రోజుల్లో మా ఇంట్లో సరిగ్గా చెప్పడం చేతకాకే చాలా మాటలు పడ్డాను. కరెంటు గిటారుకీ, దాని చప్పుడును పెద్దది చేసే యాంప్లిఫయరుకీ మధ్య కలిపే చిన్న ఇనప పెట్టె అది, అరచెయ్యంత ఉంటుంది. నేలమీద పెట్టి కాలితో నొక్కితే దాని నెత్తిమీద ఎర్ర లైటు వెలుగుతుంది, గిటారు గొంతు మారిపోతుంది. మళ్ళీ నొక్కితే లైటు ఆరిపోతుంది, గిటారు మామూలైపోతుంది. నా దగ్గర అలాంటివి మూడు ఉండేవి. ఒకటి గిటారు గొంతును బరబరా గీరినట్టు చేసేది. రెండోది మనం వాయించినదాన్నే కాసేపాగి దూరం నుంచి మళ్ళీ వినిపించేది. మూడోదాన్ని పాదంతో ముందుకూ వెనక్కూ ఊపితే చంటిపిల్ల రాగం తీసినట్టుండేది. విజయవాడలో ఒక గిటారిస్టు పెళ్ళి చేసుకుని మామగారి ఎరువుల కొట్లో కూర్చోబోతూ, ఇక వీటితో నాకేం పని అని వైరాగ్యంతో వదిలించుకుంటుంటే నేను తెచ్చుకున్నాను. రెండు సీజన్లలో నేను వాయించిన పెళ్ళిళ్ళన్నీ వాటికే ఖర్చయిపోయాయి. మా అమ్మ వాటిని తిప్పి తిప్పి చూసి, “మూడు పెట్టెలు తెచ్చావు, ఒక్కదాంట్లో కూడా ఏమీ పెట్టుకోడానికి లేదేంట్రా?” అంది. 

పెడళ్ళైతే వచ్చాయి గాని వాటిని స్టేజి మీద నిలబెట్టడమే పెద్ద పనైపోయింది. జంఖానా మీద పెడితే జారిపోయేవి. గిటారు నుంచి మొదటిదానికి ఒక వైరు, దాన్నుంచి రెండోదానికి, మూడోదానికి, అక్కణ్ణుంచి యాంప్లిఫయరుకి, ఇవి కాక ఒక్కోదానికి ఒక్కో కరెంటు తీగ. వీటిమధ్యనుంచే పాడే అమ్మాయి చీరకుచ్చిళ్ళు పట్టుకుని నడవాలి, ఫొటోలాయన వెనక్కి వెనక్కి వెళ్ళాలి. ఒక పెళ్ళిలో వధూవరులకు అక్షింతలు వేయడానికి వచ్చిన పెద్దాయన కాలికి వైరు తగులుకుని, మూడు పెడళ్ళూ ఆయనతోపాటు స్టేజి దిగిపోయాయి. పాట మధ్యలో గిటారు ఆగిపోయింది. నేను వంగి వాటి వెనకాల వెళ్తుంటే జనం నన్ను కూడా అక్షింతలు వేసేవాడి తాలూకు అనుకున్నారు.

ఆ మర్నాడు మా ఆర్కెస్ట్రా మాస్టారు నన్ను పిలిచారు. మాస్టారంటే మా ఆర్కెస్ట్రా యజమాని, కీబోర్డు ఆయనే వాయిస్తారు. మంచి మనిషి, కోపం రాదు, అదే భయం. కొత్తగా కొన్న కీబోర్డు ముందు కూర్చుని ఒక మీట నొక్కి, నాలుగు స్వరాలు వాయించారు. అందులోంచి గిటారు పలికింది. వైర్లు లేవు, జారడం లేదు, ఎవరి కాలికీ తగులుకోవడం లేదు. “విన్నావుగా అబ్బాయ్. వచ్చే నెల నాగాయలంక దగ్గర మనకో పెళ్ళి ఉంది, పెళ్ళి మర్నాటి విందులో ప్రోగ్రాం. నీ గిటారు ఆగకుండా, ఆ పందిట్లో చివరి బల్ల దాకా వినిపిస్తే నువ్వుంటావు. లేకపోతే ఇకనుంచి నేనే నొక్కేసుకుంటాను, ఏమీ అనుకోకు” అన్నారు. నేను ఏమీ అనుకోలేదు. ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని, అప్పుడు అనుకున్నాను. ఇరవై ఒకటో ఏట నాకు చేతనైన పని అదొక్కటే, ఆ చేతనైనదాన్ని ఒక మీట చేసేస్తోంది.

సరిగ్గా అప్పుడే విజయవాడలో పాత పుస్తకాలు అమ్మే ఫుట్‌పాత్ మీద ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో అరపేజీ ఫొటో. ఏటవాలుగా ఒక చెక్క, దానిమీద వరసగా పెడళ్ళు, కింద మూతున్న పెట్టె. నా కష్టాలన్నిటికీ ఒకే చెక్క మీద పరిష్కారం. పెడళ్ళన్నిటినీ చెక్కకు బిగించేస్తే జారవు, తీగలు చెక్క అడుగునుంచి పోతే ఎవరికీ తగులుకోవు, ప్రోగ్రాం అయ్యాక మూతవేసి చేత్తో పట్టుకుని బస్సెక్కేయచ్చు. ఆ పేజీ చింపి (పత్రిక మొత్తం కొనలేదని కొట్టతను నా వెనకాల ఏమన్నాడో రాయను) జేబులో పెట్టుకున్నాను. ఫొటోలో పెడళ్ళు మన వైపే చూస్తున్నాయి. పల్లం మన వైపు, ఎత్తు అవతల వైపు. ఫొటో తీసినవాడు జనంలో కూర్చుని తీసి ఉంటాడని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. అంటే పల్లం జనం వైపు, ఎత్తు వాయించేవాడి వైపు అన్నమాట. ఎందుకలా ఉంటుందో అర్థం కాలేదు. అర్థం కానిదే గొప్ప అని నమ్మే వయసు కదా, అలాగే ఉండాలనుకున్నాను.

గుడివాడలో సోఫాలు చేసే వడ్రంగి దగ్గరికి వెళ్తే, ఆయన ఫొటో చూసి టేకుతో చేస్తానని ఒక అంకె చెప్పాడు. ఆ అంకెకు పెడళ్ళతోపాటు గిటారు కూడా ఇచ్చేయాల్సి వస్తుంది. అప్పుడు నాగాయలంకలో ఉండే మా బావ, మేనమామ కొడుకు, రొయ్యల ఎగుమతి వాళ్ళ దగ్గర గుమాస్తా, ఒక ఉపాయం చెప్పాడు. బందరు రేవు దగ్గర చేపల పెట్టెలు చేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడనీ, పాత పెట్టెల చెక్కతోనే చవగ్గా చేసిపెడతాడనీ, లోపల మెత్తగా ఉండటానికి థర్మోకోల్ తనే ఇస్తాననీ అన్నాడు. నేను గుడివాడలో బస్సెక్కి బందరు వెళ్ళాను.

మేస్త్రి గారు మేకులు నోట్లో పెట్టుకుని మాట్లాడే రకం. నేను కాగితం చూపించి, ఇది స్టేజి మీద కాలితో తొక్కే సామాను పెట్టుకునేదండీ అన్నాను. ఆయన కుట్టుమిషనా అని అడిగారు. కాదన్నాను. హార్మోనియమా అన్నారు. దాదాపు అదేనన్నాను. ఎన్ని కిలోలు పడుతుందని అడిగారు. ఇంతవరకూ ఏ గిటారిస్టునీ ఎవరూ అడిగి ఉండని ప్రశ్న అది. ఐదు కిలోలన్నాను. “పాడైపోయే సరుకా?” అన్నారు. పాడైతే నా పని అయిపోతుందండీ, తడి అసలు తగలకూడదు అన్నాను. ఆయన గంభీరంగా తలూపారు. ఏటవాలు ఎటువైపని అడిగితే జనం వైపన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. “స్టేజి మీద పెట్టేది జనానికి కనబడకపోతే ఇంకెవరికి కనబడాలండీ” అన్నారు. ఇద్దరు తెలివైనవాళ్ళు కలిస్తే ఒక తప్పు ఎంత బలంగా తయారవుతుందో ఆ రోజే చూశాను.

వారం తర్వాత వెళ్తే పెట్టె తయారుగా ఉంది. గట్టిది, అందులో అనుమానం లేదు. చెక్క మీద పాత చేపల కంపెనీ వాళ్ళు వేసుకున్న నీలం రంగు పట్టీ అలాగే ఉంది. రెండు పక్కలా తాడు పిడులు. లోపల అడుగున రెండు అడ్డ చెక్కలు కొట్టి, వాటిమీద ఏటవాలు బోర్డును, కావాలంటే పైకి తీసుకునేలా, కూర్చోబెట్టారు. తీరా చూస్తే పెట్టె అడుగున నాలుగు మూలలా నాలుగు కన్నాలు, బొటనవేలు దూరేంత. ఇవెందుకండీ అని అడిగాను. మేస్త్రి గారు నోట్లో మేకులు తీసేసి (అంటే విషయం ముఖ్యమైనదన్నమాట) నాకేసి జాలిగా చూశారు. “తడి తగలకూడదన్నారు కదండీ. నీరు పోవాలంటే కన్నాలుండొద్దా? పెట్టంటే కన్నాలుండాలండీ. నలభై ఏళ్ళ నించీ కన్నాల్లేని పెట్టె నేను చెయ్యలేదు.” అందులోకి నీరెందుకు వస్తుందో నేను అడగలేదు. ఆయన అంత నమ్మకంగా చెబితే నాకే, ఏమో, గిటారు పెట్టెల్లోకి నీరు వస్తుందేమో అనిపించింది. పైగా ఆ కన్నాల్లోంచి వైర్లు పంపించుకోవచ్చని సర్దిచెప్పుకున్నాను.

మిగతా పని ఇంట్లో నేనే చేశాను. పెడళ్ళను సైకిల్ ట్యూబు ముక్కలతో బోర్డుకు బిగించి, పట్టీల చివర్లకు మేకులు కొట్టాను. చెక్క జారకుండా అడుగున పాత హవాయి చెప్పుల ముక్కలు అంటించాను (అవి మా నాన్నగారివి, పాతవి అన్నది నా అభిప్రాయం మాత్రమే). రేడియో రిపేరు షాపాయన మూడింటికీ కలిపి, కరెంటు తగ్గించి ఇచ్చే ఒకే ఎలిమినేటరుకు తీగలు అతికించాడు. అన్నీ అయ్యాక బోర్డును నేలమీద పెట్టి, ఎత్తు నా వైపుకు, పల్లం ఎదురుగోడ వైపుకు వచ్చేలా సర్ది, దాని వెనక నిలబడ్డాను. కాలు ఎత్తి, ఎత్తుమీంచి అవతలికి చాపి, మడమతో నొక్కాలి. లైటు అవతలి వైపుంది కాబట్టి వెలిగిందో లేదో నాకు కనబడదు. ఫొటోలోని బోర్డు తాలూకు మహానుభావుడు ఎలా వాయించేవాడో అని ఆశ్చర్యపోతూ, అతను ఎంతో సాధన చేసి ఉంటాడని, నేనూ రోజుకు రెండు గంటలు ఒంటికాలి మీద సాధన చేశాను. అమ్మ గుమ్మంలోంచి చూసి తుంటికి ఏమైందిరా అని అడిగింది. పక్కింటావిడ మంచి ఆకుపసరు వైద్యుణ్ణి చెప్పింది.

విందుకు ఒక రోజు ముందే పెట్టె తీసుకుని చల్లపల్లి మీదుగా నాగాయలంక చేరాను. బస్సులో కండక్టరు ఐసు కారుతుందా అని అడిగి, కారదంటే నమ్మక, కాళ్ళ దగ్గర పెట్టుకోమన్నాడు. బావ పెట్టెకు లోపల చుట్టూ థర్మోకోల్ అమర్చాడు, చాలా అందంగా కుదిరింది. సముద్రపు గాలికి సామాను తుప్పు పడుతుందని చెప్పి, పెడళ్ళ మీద రొయ్య పిల్లల్ని తెచ్చే మందపాటి పాలిథిన్ కవరు కూడా కప్పాడు. ఎలిమినేటరు మాత్రం నా భుజం సంచీలో ఉంచుకున్నాను. మర్నాడు పొద్దున బావ వాళ్ళ ఆఫీసు రిక్షా పెళ్ళివారింటికి విందు కోసం చేపల పెట్టెలు తీసుకుని వెళ్తోంది. ఎలాగూ అక్కడికే కదా, నీ పెట్టె కూడా వేసేద్దాం, మనం స్కూటరు మీద వెళ్దాం అన్నాడు బావ. అంతకన్నా తెలివైన ఆలోచన ఇంకోటి లేదనిపించింది. ఆ రోజుకు నా జీవితంలో అన్నీ తెలివైన ఆలోచనలే.

పెళ్ళివారు సముద్రం మీద వేటకు పోయే కుటుంబం, తర్వాత చేపల వ్యాపారంలో నిలదొక్కుకున్నారు. ఇంటి ముందు పెద్ద షామియానా, ఒక చివర స్టేజి, రెండో చివర వంటశాల, మధ్యలో వరసగా బల్లలు. చివరి బల్ల ఎక్కడుందో చూశాను. అది దాదాపు పక్క ఊళ్ళో ఉంది. మాస్టారి వ్యాను అప్పటికే వచ్చింది, ఆయన కీబోర్డు సర్దుకుంటున్నారు. నేను పెట్టె కోసం వెతకడం మొదలుపెట్టాను. నా పెట్టె చూశారా అని అడిగినవాళ్ళందరూ చూశామన్నారు. ఆ ఇంట్లో ముప్ఫై పెట్టెలకు తక్కువ లేవు. పెడల్‌బోర్డు అంటే సైకిలు చూపించారు. మ్యూజిక్ సామాను అంటే స్టేజి చూపించారు. నీలం పట్టీ ఉన్న పెట్టె అన్నాక, అలా చెప్పవేం నాయనా అని వంటశాల పక్క నీడలోకి తీసుకెళ్ళారు.

అక్కడ చేపల పెట్టెల మధ్యన కుర్చీ వేసుకుని, చేతిలో తాటాకు విసనకర్రతో పెళ్ళికూతురి తాతగారు కూర్చున్నారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, సోడాబుడ్డి కళ్ళద్దాలు, ఇప్పటికీ నిటారుగా ఉన్న వెన్ను. యాభై ఏళ్ళు సముద్రం మీద తిరిగిన మనిషికి విందు రోజున అప్పగించిన బాధ్యత ఆ పెట్టెల కాపలా. నేను నీలం పట్టీ పెట్టె నాదండీ తాతగారూ అన్నాను. ఆయన మొహం విప్పారింది.

“నీదేనా అబ్బాయా. నీ సరుక్కేం భయం లేదులే. ఎవరో గాని ఐసు ఎయ్యకుండా పంపేశారు. ఈ ఎండకి ఏమైపోద్ది? చూసి, నేనే రెండు గంపలు ఏయించాను.”

ఆ మాట నా చెవుల్లో పడింది గాని బుర్రలోకి వెళ్ళడానికి కాస్త సమయం పట్టింది. మూత తీశాను. తెల్లగా, పొడిపొడిగా, అంచుల దాకా ఐసు. చేతులతో తోడిపారేశాను. కింద పాలిథిన్ కవరు, దాని కింద నా మూడు పెడళ్ళూ చల్లగా పడుకుని ఉన్నాయి. మొత్తం మునిగిపోయి ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే అడుగున చుక్క నీరు నిలవలేదు. కరిగిన నీరు కరిగినట్టే ఆ నాలుగు కన్నాల్లోంచి కిందికి దిగి, అడ్డ చెక్కల పుణ్యమా అని బోర్డుకు తగలకుండా నేలలోకి ఇంకిపోయింది. మేస్త్రి గారి నలభై ఏళ్ళ పట్టుదల అక్కడ తడిమట్టి రూపంలో కనబడింది. ఆ క్షణంలో ఆయన ఎదురుగా ఉంటే కాళ్ళమీద పడేవాణ్ణే. కానీ కవరు పక్కలనుంచి చెమ్మ దిగింది. వైర్లు గుచ్చే రంధ్రాల దగ్గర, మీటల చుట్టూ నీటి బొట్లు. ఎరువుల కొట్టు గిటారిస్టు శాపం తగిలిందనుకున్నాను. నాకు ఏడుపు వచ్చింది. అలంకారానికి అనడం లేదు, నిజంగానే వచ్చింది.

తాతగారికి ఏదో పొరపాటు జరిగిందని అర్థమైంది, ఏమిటన్నది అర్థం కాలేదు. దగ్గరికి వంగి పెడళ్ళను పరీక్షగా చూసి, “ఇయ్యి బతికుండే రకమా నాయనా?” అని మెల్లిగా అడిగారు. రొయ్య పిల్లలు అలాంటి కవర్లలోనే కదా వస్తాయి, వాటిమీద ఐసు వేస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. నాకు వివరించే ఓపిక లేదు. “అవును తాతగారూ. కరెంటిస్తే బతుకుతాయి. తడిస్తే పోతాయి” అన్నాను. ఆయన విసనకర్ర చంకన పెట్టుకున్నారు. కుర్చీలోంచి లేచి నా వెనకాలే వచ్చేశారు. ముప్ఫై చేపల పెట్టెలను దిక్కులేకుండా వదిలేసి వచ్చేశారు.

స్టేజి ముందు బోర్డు పెట్టి గుడ్డతో తుడిచాను. ఉపాయం చెప్పింది వీడియో తీసే ఆయన. ఆయన దగ్గర పెద్ద లైటు ఉండేది, దాని ఎదుట నిమిషం నిలబడితే పెళ్ళికొడుకులకు చెమటలు పట్టేసేవి. దాన్ని పెడళ్ళ మీదికి వంచారు. లైటు వెలుగుతున్నంతసేపూ కెమెరా తిప్పడం ఆయన అలవాటు కాబట్టి కెమెరా కూడా తిరుగుతూనే ఉంది. ఇవతల తాతగారు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని విసనకర్రతో విసరడం మొదలుపెట్టారు. ఒకాయన కాస్తున్నాడు, ఒకాయన విసురుతున్నాడు. నేను మధ్యలో కూర్చుని పెడళ్ళను ఒకదాని తర్వాత ఒకటి ఊదుతున్నాను. విందుకు వచ్చినవాళ్ళు అదేదో కార్యక్రమమనుకుని మర్యాదగా చుట్టూ నిలబడ్డారు. ఒకావిడ చెప్పులు కూడా విప్పింది.

ఈలోపు ప్రోగ్రాం మొదలైపోయింది. మొదటి పాటలో గిటారు రావలసిన చోట మాస్టారు మీట నొక్కారు, కీబోర్డులోంచి గిటారు వచ్చింది. శుభ్రంగా, తప్పు లేకుండా. రెండో పాటలోనూ అంతే. మూడో పాట. ఆ మీట గిటారు వినబడినప్పుడల్లా, నా బదులు ఇంకొకడు నా చొక్కా వేసుకుని నా ఇంట్లో తిరుగుతున్నట్టు అనిపించింది. నాలుగో పాటకు ముందు మాస్టారు నాకేసి చూసి వేలు ఒకటి చూపించారు. ఇంకొక్క పాట వరకే ఆగుతానని అర్థం.

తెగించి వైర్లు గుచ్చాను. బోర్డును స్టేజి మీదికి ఎక్కించి, నా పద్ధతి ప్రకారం ఎత్తు నా వైపు, పల్లం జనం వైపు వచ్చేలా పెట్టాను. తాతగారు స్టేజి కింద, బోర్డుకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నారు. ఎర్ర లైటు వెలిగితే పెడల్ పనిచేస్తున్నట్టని ఆయనకు చెప్పాను, ఎందుకంటే అది నాకు కనబడదు. పాట మొదలైంది. గిటారు రావలసిన చోటుకు రెండు ఆవర్తనాల ముందు కాలు చాపి మడమతో నొక్కాను. తాతగారు తల అడ్డంగా ఊపారు. మళ్ళీ నొక్కాను. ఊహూఁ. పక్కన మాస్టారి చెయ్యి మీట మీదికి వెళ్ళడం కనబడింది. ఉన్న బలమంతా పెట్టి మూడోసారి తొక్కాను.

“బతికింది” అన్నారు తాతగారు.

అంతే, తీగె మీటాను. ఐసు ప్రభావమో, లైటు ప్రభావమో, దివిసీమ గాలి ప్రభావమో గాని, ఆ పెడల్‌లోంచి అంతకు ముందెన్నడూ రాని గొంతు వచ్చింది. చివరి బల్ల దగ్గర చేప ముల్లు తీసుకుంటున్నవాళ్ళు ముల్లు అలాగే పట్టుకుని తలెత్తి చూశారు. మైకుసెట్టు అతను స్పీకరు చిరిగిపోయిందనుకుని వైరు పీకడానికి పరిగెత్తుకొచ్చాడు, మాస్టారు వాయిస్తూనే వద్దని కనుసైగ చేశారు. రెండో పెడల్ చెమ్మకు మతి తప్పినట్టుంది, నేను ఎప్పుడో వాయించినదాన్ని తనకు బుద్ధి పుట్టినప్పుడు మళ్ళీ వినిపించింది. నేను ఆపినా గిటారు ఆగలేదు. ఏది నేను వాయిస్తున్నదో, ఏది వాయించేసిందో తెలియక, అయోమయంలో ఇంకాస్త గట్టిగా వాయించాను. ఆగకుండా వినిపించాలన్నదే కదా షరతు. ఆ తర్వాత ప్రతి పాటలోనూ నేను కాలు చాపడం, తాతగారు “బతికింది” అనో “పోయింది” అనో చెప్పడం, దాన్నిబట్టి నేను వాయించడం. ఆయన ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. మధ్యలో ఎవరో వచ్చి భోజనానికి లెమ్మంటే, ఇయ్యి చూసేవాళ్ళెవరని కసిరారు. విసనకర్ర మాత్రం ఆపలేదు.

ప్రోగ్రాం అయ్యాక మాస్టారు నా దగ్గరికి వచ్చి, చాలాసేపు బోర్డును చూశారు.  “చివరి బల్ల దాకా వచ్చింది. ఉండబ్బాయ్. ఆ పెట్టె మాత్రం నా వ్యాను ఎక్కించకు” అన్నారు. అప్పటికి దాని వాసన అలా ఉంది మరి. నా సంతోషంలో నాకు ఏ వాసనా తెలియలేదు. తాతగారి దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుంటే, ఆయన ఇంకా అపరాధిలాగే చూస్తూ, “ఈసారి పంపేటప్పుడు పెట్టె మీద రాయించు నాయనా, ఐసు ఎయ్యొద్దని” అన్నారు. మేము తిరిగొచ్చాక బావ నిజంగానే ఎర్రరంగుతో రాయించాడు. మా ఆర్కెస్ట్రాలో ఎవరి సామాను మీదా అలాంటి హెచ్చరిక లేదు.

నేను ఇంకో రెండేళ్ళు వాయించాను. నన్నెవరూ తీసెయ్యలేదు, పిలవడమే తగ్గిపోయింది. ఆ తర్వాత బందరులో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో కుదిరిపోయాను (ఎరువుల కొట్టు గిటారిస్టును అప్పట్లో వెక్కిరించినందుకు తగిన శాస్తి). పెట్టెను బావ పట్టుకుపోయి చేపలు వేసుకున్నాడు. దానికి తన అసలు బతుకు అప్పుడు దొరికింది.

ఈమధ్య బావ ఒక పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాడు. ఆ పెళ్ళి వీడియో క్యాసెట్టును తాతగారి మనవలు కంప్యూటర్‌లోకి ఎక్కించారట. తాతగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇంట్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. నేను మా అమ్మాయికి ముందే చెప్పాను, విను, మీ నాన్న గిటారు చివరి బల్ల దాకా వినిపించిన రోజు ఇది అని. తీరా నేను స్టేజి మీదికి వచ్చే చోటికి వచ్చేసరికి, వీడియోవాళ్ళు అప్పట్లో అందరి పెళ్ళిళ్ళకూ చేసినట్టే, అసలు చప్పుడంతా తీసేసి ఏదో సంగీతం అతికించారు. కీబోర్డు సంగీతం. అందులో గిటారు కూడా ఉంది, మీట నొక్కిన గిటారు. తెరమీద సన్నటి కుర్రవాడొకడు ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు గాలిలోకి చాపి, మొహం నిండా దిగులుతో ఏదో వెతుక్కుంటున్నాడు. వాడు వాయించింది ఒక్క స్వరం కూడా వినబడదు.

మా అమ్మాయి కాసేపు చూసి, “నాన్నా, ఆ బోర్డును అటు నుంచి ఇటు తిప్పి పెట్టుకుంటే సరిపోయేదిగా?” అంది.

పాతికేళ్ళలో నాకు ఆ ఆలోచన రాలేదు. నాకే కాదు, మేస్త్రి గారికి, మాస్టారికి, బావకు, ఎవరికీ రాలేదు. తిప్పితే సరిపోయేది. కాలు చాపక్కర్లేదు, మడమ నొప్పి ఉండేది కాదు, లైటు నాకే కనబడేది. ఔను గదా అని నవ్వుకున్నాను. నవ్వుకుంటూనే రిమోటు తీసుకుని ఆ అతికించిన సంగీతాన్ని ఆపేశాను. చప్పుడు లేని తెరమీద బోర్డు పల్లం జనం వైపు తిరిగి ఉంది. మూడుసార్లు కాలు కదిలాక చిన్న ఎర్ర లైటు వెలిగింది. నేను తిప్పి పెట్టుకుని ఉంటే ఆ లైటు ఆయనకు కనబడేదే కాదు. దాని ఎదురుగా సోడాబుడ్డి కళ్ళద్దాల పెద్దాయన విసనకర్ర ఒక్క క్షణం ఆపి, స్టేజి మీది కుర్రవాడికేసి తలెత్తి, పెదవులు కదిపారు. ఏమంటున్నారు నాన్నా అని మా అమ్మాయి అడిగింది.

బతికింది అంటున్నారని చెప్పాను.